నూట ఎనిమిది గళ్ళ కాగితం

(దేవాలయ వార్షికోత్సవ సభలో యువతరం సభ్యులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

ఈ దేశంలో పుట్టి, ఈ ప్రాంగణంలోనే ఆదివారపు తరగతులు చదివి, నేడు ఉద్యోగాలలోనూ సంసారాలలోనూ స్థిరపడిన యువతీయువకులారా, ఈ నాలుగు మాటలూ ముఖ్యంగా మీకోసమే.

వార్షికోత్సవ సభలలో సాధారణంగా భక్తిని గురించి మాట్లాడతారు, లేదా భాషను గురించి మాట్లాడతారు. నన్ను శరీరపు బరువును గురించి మాట్లాడమన్నారు. ఈ దేవాలయపు వంటశాలలో పద్దెనిమిదేళ్ళుగా పులిహోర కలుపుతున్న మనిషిని ఈ విషయానికి ఎంచుకోవడంలో కార్యవర్గంవారి హాస్యప్రియత్వం కనిపిస్తూనే ఉన్నది. అయినా అంగీకరించాను. నేను మూడుసార్లు బరువు తగ్గాను, రెండుసార్లు తిరిగి పెరిగాను. ఎలా తగ్గాలో చెప్పేవారు మీకు కొల్లలుగా దొరుకుతారు. మొదటి నెలలో ఉన్న పట్టుదల మూడవ నెలకు ఎక్కడికి పోతుందో, దానిని తిరిగి ఇంటికి ఎలా పిలుచుకోవాలో చెప్పేవారు తక్కువ. ఆ విద్యలో నాకు కొంత అనుభవం ఉన్నది. నేను వైద్యుణ్ణి కాను. మందుమాకుల మాట మీ వైద్యులనే అడగండి.

మా నాన్నగారు తమ యాభై ఆరవ ఏట గుండెపోటుతో పోయారు. మేము దానిని విధి అన్నాము. నాకు నలభై ఏడవ ఏట చక్కెర వ్యాధి బయటపడినప్పుడు దానిని వంశం అన్నాము. గత సంవత్సరం మా అబ్బాయికి, ముప్పై ఒకటవ ఏట, మూడు నెలల చక్కెర సగటు పరీక్షలో 6.1 వచ్చింది. 5.7 నుండి 6.4 వరకు వ్యాధికి గుమ్మం అని వైద్యులు అంటారు. ఆ కాగితాన్ని మా అబ్బాయి నాకు చూపలేదు. కోడలు చూపింది. ఎందుకు చూపలేదని అడిగితే వాడు చెప్పిన సమాధానం ఇది: “చూపిస్తే మీరు ఏదో అంటారు కదా, నాన్నా.”

ఈ ప్రసంగం నిజానికి ఆ మాట దగ్గరే మొదలైంది. మా తరంవారి తరఫున ఒక సంగతి ఒప్పుకొనవలసి ఉన్నది. మేము ఒక చేత్తో మీ విస్తరిలో రెండవ గరిటె అన్నం వడ్డిస్తూ, “ఏమీ తినడం లేదు, చిక్కిపోయావు” అన్నాము. అదే వారంలో నలుగురి ముందు, “ఏమే, ఇంత లావయ్యావేమిటి?” అని కూడా అన్నాము. పెళ్ళి సంబంధాల కాలంలో ఆడపిల్లలను ఎన్నెన్ని మాటలన్నామో వారికే తెలుసు. ప్రేమతోనే అన్నాము. కాని ఆ మాటల వల్ల ఒక్కరైనా ఒక్క పౌను తగ్గినట్లు నేను చూడలేదు. సిగ్గుతో మొదలుపెట్టిన నియమం సిగ్గు చల్లారగానే ఆగిపోతుంది; ఒకవేళ చల్లారకపోతే మనిషి దాక్కుంటాడు, పరీక్ష కాగితాన్ని దాచుకుంటాడు. పెద్దలారా, ఈ భోజనశాలలో ఇకమీదట ఎవరి శరీరాన్ని గురించీ ఎవరూ వ్యాఖ్యానించకుండా ఉందాము.

ఇక మీరు తెలుసుకొనవలసిన లెక్క ఒకటి ఉన్నది. ఎత్తుకూ బరువుకూ గల నిష్పత్తి 25 దాటితే అధిక బరువు అని మీరు బడిలో చదువుకున్నారు. అమెరికా మధుమేహ సంఘం 2015లో, ఆసియా మూలాలు గలవారికి 23 నుండే చక్కెర పరీక్ష చేయించడం మంచిదని సూచించింది. 5 అడుగుల 6 అంగుళాల మనిషికి 25 అంటే సుమారు 155 పౌన్లు, 23 అంటే సుమారు 142 పౌన్లు. అంటే అద్దంలో సన్నగానే కనిపించేవారు కూడా గుమ్మంలో నిలిచి ఉండవచ్చు. మన శరీరాలలో కొవ్వు నడుము చుట్టూ, లోపలి అవయవాల చుట్టూ చేరడం అధికం. శాన్ ఫ్రాన్సిస్కో, షికాగో ప్రాంతాలలో 2010 నుండి దాదాపు 900 మంది దక్షిణాసియా వారితో మొదలైన ఒక పరిశోధన ఉన్నది. దాని పేరు, నమ్మండి, ‘మసాలా’. ఇతర జాతులవారికంటే మనవారిలో మధుమేహం ఎక్కువని అది చూపింది.

ఇప్పుడు శీర్షికలోని కాగితం సంగతి. హైదరాబాదు శివార్లలో, గండిపేట చెరువు సమీపాన చిలుకూరు అనే గ్రామం ఉన్నది. అక్కడి స్వామిని అందరూ ‘వీసా బాలాజీ’ అంటారు. మీలో అనేకుల తల్లిదండ్రులు ఆయనను దర్శించిన తరువాతనే విమానం ఎక్కారు. అక్కడ హుండీ లేదు. కోరిక కోరినప్పుడు పదకొండు ప్రదక్షిణలు, కోరిక తీరిన తరువాత నూట ఎనిమిది. లెక్క తప్పకుండా భక్తులు గళ్ళ కాగితం ఒకటి చేతిలో పట్టుకొని, ఒక్కొక్క చుట్టుకు ఒక్కొక్క గడి కొట్టివేస్తూ తిరుగుతారు. నేనూ తిరిగాను. నలభయ్యవ చుట్టులో భక్తి ఉన్నదా అని అడిగితే, నిజం చెబుతున్నాను, లేదు. కాలినొప్పి ఉన్నది, ముందు నడుస్తున్న పెద్దమనిషి మీద విసుగు ఉన్నది. అయినా నలభై ఒకటవ గడి కొట్టివేశాను. ఆ సమయంలో నన్ను నడిపించింది చేతిలోని కాగితం.

మూడవసారి బరువు తగ్గడం మొదలుపెట్టినప్పుడు నాకు ఆ కాగితం జ్ఞాపకం వచ్చింది. మొదటి రెండుసార్లు నేను తూకం యంత్రాన్ని లెక్కపెట్టాను. అది నా చేతిలో లేని లెక్క. వారమంతా నియమంగా ఉన్నా ఉప్పు ఎక్కువైతే, నిద్ర తక్కువైతే అది రెండు పౌన్లు ఎక్కువ చూపి మనసు విరిచేస్తుంది. మూడవసారి నడకను లెక్కపెట్టాను. అరగంట నడిస్తే ఒక గడి. నడిచినది నడిచినట్లే, దానిని ఏ యంత్రమూ కాదనలేదు. తూకం వారానికి ఒకసారి, శనివారం ఉదయం మాత్రమే చూసుకున్నాను. చలికాలంలో బయట మంచు ఉన్నప్పుడు మన ఆలయంలోనే, దర్శనాలు మొదలుకాక ముందు ప్రదక్షిణలు చేశాను. అర్చకస్వాములు నా భక్తి పెరిగిందని సంతోషించారు. నేనూ సరిదిద్దలేదు.

ఈ పద్ధతికి శాస్త్రమూ సాక్ష్యం చెబుతుంది. ఈ దేశంలో 27 కేంద్రాలలో, మధుమేహపు గుమ్మంలో ఉన్న 3,234 మందితో ఒక పెద్ద పరిశోధన చేసి 2002లో ఫలితాలు ప్రకటించారు. ఒక వర్గంవారికి పెట్టిన లక్ష్యం చాలా చిన్నది: బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడకవంటి శ్రమ. 180 పౌన్ల మనిషికి 7 శాతం అంటే పదమూడు పౌన్లకు లోపే. సుమారు మూడేళ్ళలో వారిలో వ్యాధి రావడం 58 శాతం తగ్గింది; మందు మాత్రమే వాడినవారిలో తగ్గినది 31 శాతం. నాకు ఇంతకంటే ముఖ్యంగా తోచిన విషయం తరువాత తెలిసింది. ఏళ్ళు గడిచేకొద్దీ వారిలో చాలామంది కొంత బరువు తిరిగి పెరిగారు. అయినా పదేళ్ళ తరువాత లెక్క చూస్తే, మొదట మందులేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన వర్గంకంటే వారిలో వ్యాధి 34 శాతం తక్కువగానే ఉన్నది. తిరిగి పెరిగాను కనుక చేసినదంతా వృథా అని నేను రెండుసార్లు అనుకొని వదిలేశాను. ఆ లెక్క అప్పుడు తెలిసి ఉంటే వదిలేవాణ్ణి కాను.

భీముని కథ మీరు చిన్నప్పుడు విని ఉంటారు. తల్లీ, అన్నదమ్ములూ, ద్రౌపదీ అందరూ ఏకాదశి ఉపవాసాలు ఉంటారు. వృకోదరుడికి ఆకలి ఆగదు. సిగ్గు విడిచి వ్యాసులవారిని అడిగాడు: నావల్ల కాదు, ఏమి చేయను? వ్యాసులవారు, తమ్ముణ్ణి చూసి నేర్చుకొమ్మని అనలేదు. ఏడాదికి ఒక్కటి, జ్యేష్ఠ శుద్ధ ఏకాదశి, నీరు కూడా ముట్టకుండా ఉండమన్నారు. కఠినమే, కాని భీముడు చేయగలిగినది. మీ నియమం మీ శరీరానికి, మీ ఉద్యోగానికి, మీ ఇంటి వంటకు సరిపడవలసిందే. రాత్రి షిఫ్టు చేసే నర్సుకూ, ఇంటినుండి పనిచేసే ఇంజనీరుకూ ఒకే పట్టిక పనికిరాదు. (ఉపవాసం మాట వచ్చింది కనుక ఒక హెచ్చరిక: చక్కెర మందులు వాడేవారు వైద్యులను అడగకుండా ఉపవాసాలు చేయరాదు. మరొకటి: ఏకాదశినాడు అన్నం మాని నెయ్యి దట్టించిన సగ్గుబియ్యం కిచిడి రెండు పళ్ళాలు తినే ఉపవాసం నాకు బాగా పరిచితం. దానితో బరువు తగ్గదు.) బరువు తగ్గే మందులు తీసుకొనేవారిని కూడా ఎవరూ చిన్నచూపు చూడవద్దు. రక్తపోటుకు మాత్ర వేసుకొన్నవారిని మనం ఏమైనా అంటున్నామా?

నా వంటశాలను గురించి కూడా చెప్పాలి. “దేవాలయానికి వస్తే నియమం తప్పుతుంది, అందుకే రావడం మానేశాను” అని ఒక అమ్మాయి నాతో అన్నది. ఆ మాట నన్ను చాలా బాధించింది. అమ్మా, ప్రసాదం అంటే అరచేతిలో ఇమిడేది. కళ్ళకద్దుకొని నోట వేసుకొనేది. దానితో ఎవరి నియమమూ చెడదు. కింద భోజనశాలలో పళ్ళెం నిండా పులిహోర, పక్కన దద్దోజనం, పైన చక్కెరపొంగలి, అప్పడం పెట్టుకొంటే అది భోజనం. దానిని ప్రసాదమని పిలిచినంత మాత్రాన లెక్కలో లేకుండా పోదు. ఈ భేదం మేమే మరచి, మీకు పెద్ద గరిటెలతో వడ్డించాము. గత శ్రావణం నుండి వంటశాలలో ఒక చిన్న మార్పు చేశాము: కూర, పప్పు, కోసంబరి ముందు వరుసలో పెట్టి, అన్నపు పదార్థాలు చివరకు జరిపాము. మొదట పెద్దలు గొణిగారు. ఇప్పుడు కోసంబరి గిన్నె ముందుగా ఖాళీ అవుతున్నది.

మీలో అనేకులు అలిపిరి నుండి తిరుమలకు నడిచి ఉంటారు. మెట్లు 3,550. మొదటి భాగం, గాలిగోపురం వరకు, నిటారుగా ఉంటుంది. కాని అప్పుడు ఉత్సాహం కొత్తది, గోవింద నామం బిగ్గరగా వస్తుంది. తరువాత దారి చాలా దూరం దాదాపు సమంగా సాగుతుంది. అక్కడ కష్టమూ ఉండదు, ఎక్కిన గుర్తూ ఉండదు. జనం కూర్చుండిపోయేది, కబుర్లలో పడేది అక్కడే. ఆ తరువాత, దాదాపు చివరలో, మోకాళ్ళ పర్వతం వస్తుంది. నా అనుభవంలో బరువు తగ్గడం సరిగ్గా ఈ దారిలాగే నడిచింది. మొదటి ఆరు వారాలు కష్టమైనా హుషారుగా గడిచాయి. తరువాత తూకం కదలలేదు, వారం తరువాత వారం. అక్కడ నన్ను నిలబెట్టింది ఒక మనిషి: మా అబ్బాయి. వాడు వేరే రాష్ట్రంలో ఉంటాడు. ప్రతి సాయంత్రం ఇద్దరం ఎవరి వీధిలో వారం నడుస్తూ ఫోనులో మాట్లాడుకుంటాము. బరువు సంగతి ఎత్తకూడదని వాడు పెట్టిన షరతు. క్రికెట్, వాడి చిన్ననాటి సంగతులు, మా నాన్నగారి సంగతులు మాట్లాడుకుంటాము. ఇరవై ఏళ్ళలో మాట్లాడుకోనన్ని మాటలు ఈ తొమ్మిది నెలలలో మాట్లాడుకున్నాము. మొన్న పరీక్ష కాగితాన్ని వాడే ఫోటో తీసి పంపాడు. 5.8. గుమ్మం ఇంకా దాటలేదు. నేను షరతు ప్రకారం ఏమీ అనలేదు.

కార్యాలయం ముందున్న బల్లమీద నూట ఎనిమిది గళ్ళ కాగితాలు ముద్రించి పెట్టాము. పేరు రాయనక్కరలేదు, బరువు రాయనక్కరలేదు. శనివారం ఉదయం ఎనిమిది గంటలకు ఆలయ ద్వారం దగ్గర నడిచేవారము కలుసుకొంటాము, ప్రస్తుతం ఏడుగురము. నా కాగితంలో ఇప్పటికి అరవై ఒక్క గళ్ళు నిండాయి.