జనవరి ఒకటి నాటి జాబితా

మన భువనగిరిలో సికింద్రాబాద్ రైలెక్కితే దారిలో మౌలాలి వస్తుంది. అక్కడికి దగ్గరలోనే 1971 నాటి అణు ఇంధన సముదాయం ఉంది. అణు విద్యుత్ కేంద్రాలకు ఇంధనం అక్కడ తయారవుతుంది. కనుక పాకిస్తాన్‌తో యుద్ధమంటే మనకు సరిహద్దు ముచ్చట మాత్రమే కాదు.

అణు కేంద్రాలపై పరస్పరం దాడి చేయరాదని రెండు దేశాలూ 1988 డిసెంబర్ 31న ఇస్లామాబాద్‌లో ఒప్పందం చేసుకున్నాయి. మన పీవీ ప్రధానిగా ఉండగా, 1992 జనవరి 1న, ఆ కేంద్రాల జాబితాలను తొలిసారి ఇచ్చిపుచ్చుకున్నాయి. 1998లో ఇద్దరూ అణుపరీక్షలు జరిపారు. మరుసటి ఏడే కార్గిల్. అయినా ఏటా జనవరి ఒకటిన ఆ కాగితాలు చేతులు మారుతూనే ఉన్నాయి, మిగతా మాటలన్నీ బందయిన ఏండ్లలో కూడా. పత్రికల్లో ఓ మూలన వచ్చే వార్త ఇది. నన్నడిగితే మన విదేశాంగ నీతిలో గట్టి పని ఇదే. కాకపోతే ఆ రక్ష కేంద్రాలకే. వాటి పక్కనున్న బస్తీలకు, ఊళ్లకు అలాంటి ఒప్పందం ఇంకా లేదు.