తలుపు ఇవతల నుంచి విన్న ఇంటర్వ్యూ
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి ఏడూ నేను డి.ఎ. బకాయిల గురించో, వైద్య ఖర్చుల బిల్లుల గురించో మాట్లాడతానని మీకు తెలుసు. ఈసారి కార్యదర్శి గారు "పిల్లల ఉద్యోగాల గురించి రెండు మాటలు చెప్పండి" అన్నారు. నాకు తెలిసింది ఒక్క పిల్ల సంగతే, మా మనుమరాలిది. అదే మనవి చేస్తాను.

ముందు నా ఇంటర్వ్యూ సంగతి. 1972లో ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజి ద్వారా కాల్ లెటరు వచ్చింది. కనకమామిడిలో బస్సెక్కి పట్నం పోయాను. లోపల ముగ్గురు ఆఫీసర్లు. ఒకరు సర్టిఫికెట్లు చూశారు, ఒకరు తహశీల్దారుకు ఒక అర్జీ రాయమన్నారు, మూడవ వారు నా చేతిరాత చూసి తల ఊపారు. పది నిమిషాలలో అయిపోయింది. తరువాత నోటీసు బోర్డు మీద జాబితా అంటించారు. పేరు లేనివాడు అక్కడే ఒక బీడీ కాల్చుకొని ఇంటిముఖం పట్టాడు. లేదని అయినా తెలిసింది కదా!

మా మనుమరాలు 2024లో బి.టెక్. పూర్తి చేసింది. 1998 నవంబరులో ప్రధాని వాజపేయి గారు మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన తరువాత మన మొయినాబాద్ రోడ్డు మీద కాలేజీ బస్సులు ఎట్లా పెరిగాయో మీరందరూ చూసినదే. 2020లో కరోనా వచ్చాక ఇంటర్వ్యూలు కూడా చాలావరకు ఇళ్ళలోకే వచ్చేశాయి. అందువల్లనే నేను తలుపు ఇవతల కూర్చుని వినగలిగాను.

మొదటి కంపెనీ వారు మూడు రౌండ్లు పెట్టారు. రెండవ రౌండులో అడిగిన ప్రశ్నను అమ్మాయి నాకు తరువాత వివరించింది. వరుస సంఖ్యలతో వెయ్యి ఫైళ్ళున్న రికార్డు రూము అనుకోండి. ఒక ఫైలు కావాలి. మొదటి నుంచి ఒక్కొక్కటే చూస్తే వెయ్యి చూడవలసి రావచ్చు. అట్లా గాక సరిగ్గా మధ్య ఫైలు చూసి, మనది ముందున్నదా వెనకున్నదా తేల్చుకుని, మిగిలిన సగంలో మళ్ళీ మధ్యది చూస్తూ పోతే పది సార్లకు మించి చూడనక్కరలేదు. ముప్పై ఆరేళ్ళ సర్వీసులో ఈ ఉపాయం నాకెవరూ చెప్పలేదు!

ఆ జవాబు ఆమెకు తెలుసు. అయినా నోరు పెగల్లేదు. ఎందుకంటే అక్కడ ప్రోగ్రాము రాస్తే చాలదు, రాస్తున్నంత సేపూ మనసులో ఏమనుకుంటున్నామో పైకి చెబుతూ ఉండాలట. కలెక్టరు గారు మన భుజం వెనుక నిలబడి, మనం నోటు ఫైలు రాస్తుంటే "ఈ మాట ఎందుకు రాశావు, పైకి చెప్పు" అన్నట్టు ఊహించుకోండి. నాకైతే చేయి వణికేది. ఎట్లాగో ఆ గండం గడిచి మూడవ రౌండు దాకా వెళ్ళింది. "మేమే తెలియజేస్తాము" అన్నారు. అంతే. ఉన్నదని లేదు, లేదని లేదు. రెండు నెలలు ఆ పిల్ల ఫోను పక్కన పెట్టుకుని పడుకున్నది.

రెండవ కంపెనీ సంగతి చెప్పడానికి కొంచెం కష్టంగా ఉన్నది. తప్పు నాదే.

అది కంప్యూటరు కాపలా ఉండే పరీక్ష. కెమెరా ఎదురుగా కూర్చోవాలి, చూపు పక్కకు పోగూడదు, గదిలో మరొకరు ఉండగూడదు. ఎండాకాలం. చప్పుడు వినబడుతుందని ఫ్యాను కూడా ఆపుకున్నది. గంట గడిచింది. ప్రాణం ఒప్పక మజ్జిగ గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్ళాను. తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి, రెండవ మనిషి కనబడ్డాడని. ఆ పిల్ల నా వైపు తిరగలేదు, తిరగగూడదు. బల్ల కింద నుంచి ఎడమ చేత్తో మాత్రం పొమ్మని సైగ చేసింది. ఆ చేయి నాకు ఇప్పటికీ కనబడుతూనే ఉంటుంది. ఆ పరీక్ష ఫలితమూ రాలేదు. నా వల్ల పోయిందో, మరెందుకు పోయిందో అడుగుదామన్నా అడిగే మనిషి లేడు.

ఆ బాధలో ఉండగా ఒకాయన ఫోను చేసి, మూడు లక్షలిస్తే దొడ్డిదారిన ఉద్యోగం ఇప్పిస్తానన్నాడు. నా డిపాజిట్ తీద్దామని పాసుబుక్కు బయట పెట్టాను. అమ్మాయి చూసింది. "తాతా, సర్వీసుల ఉన్నప్పుడు నువ్వు ఎవ్వలి దగ్గరన్న పైసలు తీసుకున్నవా?" అన్నది. లేదన్నాను. "మరి ఇప్పుడు ఇస్తనంటవేంది?" పాసుబుక్కు లోపల పెట్టేశాను. అట్లా లక్షలు కట్టించుకుని రాత్రికి రాత్రి బోర్డు తిప్పేసిన కన్సల్టెన్సీల వార్తలు తరువాత పత్రికల్లో చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మీలో ఎవరి ఇంటికైనా అటువంటి ఫోను వస్తే, దయచేసి ముందు మీ పిల్లలతో మాట్లాడండి.

మన పాతవారికి బి.ఎన్. యుగంధర్ గారు తెలుసు. ఆంధ్రప్రదేశ్ కేడరు ఐ.ఎ.ఎస్. అధికారి. వారి కుమారుడు సత్య నాదెళ్ళ గారు 1992లో మైక్రోసాఫ్ట్ ఇంటర్వ్యూకు వెళితే, రోజంతా కంప్యూటరు ప్రశ్నలు అడిగి, చివరకు ఒకాయన "రోడ్డు మీద పసిపిల్ల ఏడుస్తూ పడి ఉంటే ఏం చేస్తావు?" అని అడిగాడట. అత్యవసర నంబరుకు ఫోను చేస్తానని ఈయన జవాబు. ముందు పిల్లను ఎత్తుకోవాలి కదా అని ఆయన మందలించాడట. ఉద్యోగం పోయిందనే నాదెళ్ళ గారు అనుకున్నారు. కాని వచ్చింది. 2014లో ఆ కంపెనీకే అధిపతి అయ్యారు. ఈ కథ నేను మనుమరాలికి చెబితే, "ఆయనకు జవాబన్న చెప్పిన్రు తాతా" అన్నది. నా దగ్గర మాట లేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉన్నది. ఇంటర్వ్యూ ముగిశాక "ఏమైంది బిడ్డా?" అని ఎవరమూ అడగము. అన్నం పెడతాము. చెబితే వింటాము. చుట్టాలు ఫోను చేసి అడిగితే పొలం సంగతులు మొదలుపెట్టడం నా డ్యూటీ.

వచ్చే గురువారం పదిన్నరకు మరొక ఇంటర్వ్యూ ఉన్నది. ఆ పూట నేను ఇంట్లో ఉండను. మజ్జిగ ముందే చేసి ఆమె బల్ల మీద పెట్టి, చిలుకూరు బాలాజీ గుడికి పోతున్నాను. అక్కడ కూడా రౌండ్లే. కోరుకోవడానికి 11, కోరిక తీరితే 108. ఆ 108 చేయవలసి వస్తే మోకాళ్ళ నొప్పుల మిత్రులు కొందరు తోడు రావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.