తకాఫుల్: మన సందేహాలు, మన బాధ్యత
(రెంటచింతల సభలో చేసిన ప్రసంగ పాఠం)



రెంటచింతల అనగానే లోకానికి గుర్తుకు వచ్చేది ఎండ. ఆ ఎండలో మిరప తోటల్లో, పత్తి చేలల్లో శ్రమించే కుటుంబాలతో మేము తకాఫుల్ గురించి మాట్లాడినప్పుడు మూడు సమాధానాలు విన్నాము. "అల్లాహ్ ఉన్నాడు, బీమా ఎందుకు?" అన్నారు కొందరు. "బీమా హరామ్ కదా!" అన్నారు మరికొందరు. "పేరు మార్చిన బీమాయే కదా!" అన్నారు ఇంకొందరు.

మొదటి మాటకు జవాబు హదీసులోనే ఉంది. అష్అరీ తెగవారు కరువు వేళ తమ దగ్గరున్న ఆహారాన్నంతా ఒకే వస్త్రంలో పోగుచేసి సమంగా పంచుకునేవారు. దైవప్రవక్త (స) వారిని మెచ్చుకున్నారు. పరస్పర సహాయం తవక్కుల్‌కు విరుద్ధం కాదు.

రెండవ మాటలో నిజముంది, కానీ సగమే. 1985లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ స్థిర ప్రీమియంతో నడిచే వాణిజ్య బీమాను హరామ్‌గా నిర్ణయించింది. సహకార పద్ధతిని ప్రత్యామ్నాయంగా చూపింది. అప్పటికే 1979లో సూడాన్‌లో ఇస్లామీ బీమా సంస్థ మొదలైంది. 1984లో మలేషియా తకాఫుల్ చట్టం చేసింది.

ఇక మూడవది. వాణిజ్య బీమాలో నష్టభయాన్ని కంపెనీ కొంటుంది, మిగులు దానిదే. తకాఫుల్‌లో సభ్యులు తబర్రూగా, అంటే విరాళంగా చెల్లిస్తారు. నిధి సభ్యులది. నిర్వాహకునికి ముందే నిర్ణయించిన ప్రతిఫలం దక్కుతుంది. సొమ్మును వడ్డీ వ్యాపారాల్లో పెట్టరు. తేడా పేరులో కాదు, ఒప్పందంలో ఉంది.

మన దేశంలో తకాఫుల్ పేరుతో లైసెన్సు పొందిన బీమా సంస్థ లేదు. అందుకని చేతులు కట్టుకుని కూర్చుందామా? బీమా హరామని దూరంగా ఉన్న ఇంట్లోనే, సంపాదించే మనిషి పోయిన కొద్ది రోజులకే వడ్డీకి నోటు రాయవలసి వస్తున్నది. బీమా వద్దన్న మనము ఆ నోటును ఎందుకు ఆపలేకపోతున్నాము?

అందుకే మా విన్నపం ఇది. ప్రతి మస్జిద్ పరిధిలో ఒక సహాయ నిధి ఏర్పడాలి. జకాత్ లెక్క వేరుగా, ఈ విరాళాల లెక్క వేరుగా ఉండాలి. ఇంత ఇస్తామని హామీ ఇచ్చి బీమా వ్యాపారంగా మార్చకూడదు. ఉన్నంతలో ఆదుకోవాలి. జమాఖర్చులు జుమా నాడు అందరి ముందు చదవాలి. నమ్మకం ఉపన్యాసాలతో రాదు, లెక్కలతో వస్తుంది.

ఒక వితంతువు గడప ముందు వడ్డీ వ్యాపారి కంటే ముందు మనము నిలబడగలిగే శక్తిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.