విన్నవాడు వ్రాసిన సాక్ష్యము: స్టెండాల్ ఆపెరా అనుభవములు



గ్రంథము అలమారలో నుండును. ఎప్పుడు కోరిన నప్పుడు తీసి చదువవచ్చును. చిత్రపటము గోడపై నుండును. రంగస్థలముపై పాడిన పాట మాత్రము తెర దిగగానే గాలిలో గలిసిపోవును. 1877లో ఎడిసన్ స్వరమును పట్టియుంచు యంత్రమును నిర్మించుటకు పూర్వము మహాగాయకుల కంఠములు వారితోడనే అంతరించెను. ఆ గానము నేడు తెలియవలెనన్న, ఆనాడు సభలో కూర్చుండి విన్నవాడెవడైన వ్రాసి పెట్టి యుండవలెను. అట్లు వ్రాసినవారిలో ఫ్రెంచి రచయిత స్టెండాల్ ముఖ్యుడు.

ఇటలీ దేశపు ఆపెరా సంగీతముతో నడచు నాటకము. తెలుగునాట యక్షగానమందు వలెనే అందును పాత్రలు తమ సుఖదుఃఖములను పాడి తెలుపును. పద్యనాటకములలో ప్రేక్షకులు ‘వన్స్ మోర్’ అని కేకవేసినట్లే అచ్చటను మెచ్చిన పాటను మరల పాడించుకొనుట ఆనాటి వాడుక.

స్టెండాల్ అసలు పేరు హెన్రీ బేల్. 1783లో గ్రెనోబుల్ పట్టణమున జన్మించెను. 1800లో, పదునేడేండ్ల ప్రాయమున, నెపోలియన్ సేన ననుసరించి ఆల్ప్స్ పర్వతములను దాటి ఇటలీలో ప్రవేశించెను. పర్వతము దిగిన పిమ్మట ఒక చిన్న పట్టణమున చిమరోజా రచించిన ‘రహస్య వివాహము’ అను ఆపెరాను చూచెను. అది గొప్ప బృందము కాదు. నాయికగా నటించిన ఆమెకు ముందుపన్ను ఒకటి లేదు. అయినను ఆ రాత్రి ఆ యువకుని జీవితమునే మార్చివేసెను. ముప్పదియైదేండ్ల తరువాత ఆత్మకథ వ్రాయుచు, ఆనాటి పరమానందములో తనకు మిగిలిన గురుతు ఆ లేని పన్ను ఒక్కటే యని అతడు ఒప్పుకొనెను. ఆనందము మనస్సును నింపివేయగా, కంటికి దొరికినది ఆ చిన్న లోపము మాత్రమే!

1814లో నెపోలియన్ ప్రభుత్వము కూలిన పిమ్మట అతడు మిలాన్ నగరమున ఏడేండ్లు కాపురముండెను. అచ్చటి లా స్కాలా నాటకశాల 1778లో ప్రారంభమైనది. అందు అంతస్తులు అంతస్తులుగా చిన్న గదులు. ధనిక కుటుంబముల వారికి ఎవరి గది వారిదే. ఒకరి గదికి మరియొకరు పోయి మాటలాడుకొనెడివారు, విందులారగించెడివారు, పేకాట సయితము ఆడెడివారు. మెచ్చిన పాట రాగానే సభ యంతయు నిశ్శబ్దమయ్యెడిది. స్టెండాల్‌కు అదియే ఇల్లు, అదియే బంధువర్గము.

ఇచ్చట అతని దోషమును దాచుట న్యాయము కాదు. సంగీతమును గూర్చి అతడు తొలుత ప్రకటించిన గ్రంథములో హైడన్ చరిత్రను కార్పానీ అను ఇటలీ రచయిత పుస్తకమునుండి తీసికొని, మారుపేరుతో తనదిగా అచ్చువేసెను. కార్పానీ బహిరంగముగా ఆక్షేపించెను. పరుల మాటలు అరువు తెచ్చుకొన్న ఆ పుస్తకము అతనికి అపకీర్తినే తెచ్చెను. 1817లో వెలువడిన ‘రోమ్, నేపుల్స్, ఫ్లారెన్స్’ అను యాత్రా గ్రంథమున తాను కూర్చున్న ఆసనమునుండి చూచినదానిని తన మాటలలో చెప్పెను. 1816లో అగ్నికి ఆహుతియై, మరుసటి జనవరికే తిరిగి తెరువబడిన నేపుల్స్‌లోని సాన్ కార్లో నాటకశాల వైభవము అందు గలదు. స్టెండాల్ అను పేరు ఆ గ్రంథముతోడనే లోకమునకు తెలిసెను.

ఇటలీ దేశభక్తులతో సంబంధము గలవాడని ఆస్ట్రియా ప్రభుత్వము అనుమానింపగా 1821లో అతడు మిలాన్ విడువవలసి వచ్చెను. 1828లో మరల పోగా పోలీసువారు నిలువనీయక వెంటనే పంపివేసిరి. ప్రియమైన నాటకశాల ఎదుటనే యున్నను ద్వారము మూసికొనిపోయెను.

ఆ ఎడబాటులో, పారిస్‌లో వ్రాసినదే 1824 నాటి ‘రోసీని జీవితము’. అప్పటికి రోసీనికి ముప్పది రెండేండ్లే. ‘తాంక్రేదీ’ అను ఆపెరాలోని ప్రసిద్ధమైన పాటను రోసీని భోజనమునకు బియ్యము ఉడుకునంతలో కూర్చెనను కథ ఈ పుస్తకమున గలదు. చరిత్రకారులు ఇట్టి కథలను నమ్మరు. పుస్తకమున తప్పులును తక్కువ కావు. కాని గాయని జుదిత్తా పాస్తాను గూర్చిన అధ్యాయము నేటికిని విలువైనది. ఆమె కంఠము అన్ని స్థాయిలందు ఒకే తీరున పలుకునది కాదు. పలువురు దానిని లోపమనిరి. అతడు రాత్రి వెంబడి రాత్రి విని, ఆ భేదమే ఆమెకు భావమును పలికించు సాధనమైనదని గ్రహించెను. తరువాత 1831లో బెల్లీనీ రచించిన ‘నార్మా’ లా స్కాలాలో తొలిసారి ప్రదర్శింపబడినపుడు నాయిక పాస్తాయే. పదునేడేండ్లప్పుడు పన్నులేని నటియందు ఆనందము పొందిన హృదయమే ఇచ్చటను తీర్పు చెప్పినది.

1842లో అతడు పారిస్‌లో మరణించెను. తన సమాధిపై ఇటలీ భాషలో తన్ను మిలాన్ వాసిగా చెక్కవలెనని ముందే కోరియుండెను, అట్లే చెక్కిరి. వెళ్లగొట్టిన నగరమును అతడు మరణమునందును విడువలేదు.

ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమునకు ఈ కథ ఒక పని చెప్పుచున్నది. రాత్రులు మేలుకొని నాటకములు చూచినవారు, హరికథలు విన్నవారు ప్రతి గ్రామమునను గలరు. వారు పండితులు కానక్కరలేదు. ఎవరి మాటలనో అరువు తేనక్కరలేదు. ఏ వేషము చూచిరో, ఏ పద్యమునకు కన్నీరు వచ్చెనో, ఏ లోపము గురుతున్నదో తమ మాటలలో ఒక నోటుపుస్తకమున వ్రాసి గ్రంథాలయమున కిచ్చిన చాలును. తెర దిగిన పిమ్మట మిగులునది అదియే.