ఆపద నిధి - అన్య వ్యయము

ప్రజల ఆరోగ్యమునకును ఆపదలకును ప్రత్యేకించిన ధనమును ప్రభుత్వము తన యితర వ్యయములకు మళ్ళించుకొనవచ్చునా యను వివాదము ఫిలిప్పీన్సు దేశమున ఫిల్‌హెల్త్ అను ఆరోగ్య బీమా సంస్థ నిధులపై చెలరేగగా, అప్పటికి తరలింపగా మిగిలిన సొమ్ము కదలకుండ అచ్చటి సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో నిలుపుదల ఉత్తర్వు నిచ్చెను. ఇంచుమించు ఇట్టి వ్యాజ్యమే అంతకు రెండేండ్లకు ముందు మన ఆంధ్రప్రదేశమునకు సంబంధించియు నడచెను.

కోవిడ్ వలన మరణించినవారి కుటుంబములకు 50,000 రూపాయల చొప్పున రాష్ట్ర విపత్తు సహాయ నిధినుండి చెల్లింపవలెనని 2021లో నిర్ణయమయ్యెను. భర్తను పోగొట్టుకొన్న ఇల్లాలు మరణ ధ్రువపత్రమును, పరీక్ష కాగితమును, బ్యాంకు పాసుపుస్తకమును చేతబట్టుకొని కార్యాలయపు మెట్లెక్కినది ఈ సొమ్ముకొరకే. అట్టి నిధికి చెందిన 1,100 కోట్ల రూపాయలు రాష్ట్ర ప్రభుత్వముచే పర్సనల్ డిపాజిట్ ఖాతాకు తరలింపబడినవని తెలుగుదేశం నాయకుడు పల్లా శ్రీనివాసరావు మన సుప్రీంకోర్టు నాశ్రయింపగా, న్యాయమూర్తులు ఎం.ఆర్.షా, బి.వి.నాగరత్న 2022 జూలైలో ఆ మొత్తమును రెండు వారములలో తిరిగి జమచేయవలసినదని ఆదేశించిరి.

ఆ నెలలోనే ధవళేశ్వరము వద్ద గోదావరి 25 లక్షల క్యూసెక్కులు మించి ప్రవహించి, మూడవ ప్రమాద హెచ్చరిక వెలువడి, కోనసీమ లంకలు నీట మునిగెను. పడవలకును, శిబిరములలో పట్టెడన్నమునకును ఆధారమగునది ఇట్టి నిధియే కదా! ఎంతటి మంచి కార్యమునకైనను బడ్జెట్టులో వేరుగా పద్దు చూపవలెనేగాని, ఆపన్నుల సొమ్మును తాకుట ముమ్మాటికిని అన్యాయము.