శ్రీశైల యాత్ర - మన ఆత్మకూరు



యాత్రలు భక్తివలన జరుగునని పెద్దలందురు. నిజమే, కాని లెక్కలు వ్రాయు నాకు దారియు, రూకయు కూడ కనబడును.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణము విడిచి కాశికి పోవుచు మన ఆత్మకూరు మీదుగా శ్రీశైలమెక్కిరి. నాడు ఈ సీమ కందనూరు నవాబు ఏలుబడిలోనిది. యాత్రికులవద్ద సుంకము గొనుటయే గాని గుడి బాగోగులు నవాబునకు పట్టలేదు. వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయ్యెను. మరుసటియేడే నవాబు పదవి పోయెను.

అడవిలో దొంగలభయము, పులిభయము. నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను దాటుటకు చెంచులే దిక్కు. కలవారికి డోలీ, లేనివారికి కాళ్ళు. ఒంటరిగా పోవు ధైర్యమెవరికి? గుంపు కూడువరకు కొండ దిగువ ఊళ్ళలో ఆగవలసినదే. ఆగినచోట బియ్యము, కట్టెలు అమ్ముడుపోవును.

పిమ్మట దోర్నాల ఘాటురోడ్డు పడెను. 1963లో ఆనకట్టకు శంకుస్థాపన జరిగెను. నేడు కర్నూలు బస్సు మన ఊరిలో కొద్ది నిమిషములాగి సాగిపోవును. మల్లన్నకొరకు గాక, గేట్లెత్తిన నీటిని చూచుటకే వచ్చువారును కలరు. వారిని తప్పుపట్టను, ఎండిన సీమవారికి నీటిని చూచుటయు దర్శనమే.

అయినను ఉగాదికి కన్నడ భక్తులు నేటికిని వెంకటాపురము, నాగలూటి దారినే నడచుచున్నారు. కార్యదర్శిగారూ, ఆ వారము మన గ్రంథాలయపు వసారా రాత్రులందు తెరచి యుంచుడు. పుస్తకములు పోవునని కొందరు సభ్యులందురు. పుస్తకములు బీరువాలలో నున్నవి. వసారాలో బెంచీలే కదా! కన్నడ పత్రిక యొకటి కూడ తెప్పించుడు, చందా నేనిత్తును.