చెరోకీ బడిపిల్లలు, వారికి అందే సాయం

(సొసైటీ వార్షిక సభలో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)



పేద పిల్లల చదువుకు చేసే సాయం గురించి మాట్లాడమని కార్యదర్శిగారు అడిగారు. ఇరవై ఏడేళ్లుగా సోషల్ పాఠాలు చెబుతున్నదాన్ని. నేను మ్యాపు తెరవకుండా మాట్లాడలేనని నా విద్యార్థులందరికీ తెలుసు. ఈసారి మ్యాపు అమెరికాది. మా చెల్లెలి కొడుకు ఓక్లహోమా రాష్ట్రంలోని తుల్సాలో ఉద్యోగం చేస్తున్నాడు. ఒక వేసవి సెలవుల్లో అక్కడికి వెళ్లినప్పుడు రోడ్డు మీద కొన్ని కార్ల నంబర్ ప్లేట్లు వేరుగా కనబడ్డాయి. వాటి మీద 'చెరోకీ నేషన్' అని ఉంది. ఏమిటిదని అడిగితే, "పిన్నీ, ఇక్కడి ఆదివాసీల ప్రభుత్వం ఇచ్చే ప్లేట్లు అవి" అన్నాడు. ఇంటికి రాగానే దాని గురించి చదవడం మొదలుపెట్టాను.

చెరోకీలు అమెరికా మూలవాసుల్లో ఒక జాతి. వారికి సొంత రాజ్యాంగం, ఎన్నికైన అధినేత, శాసనసభ, కోర్టులు ఉన్నాయి. రాజధాని తాలెక్వా అనే చిన్న పట్టణం. పౌరులు నాలుగున్నర లక్షలకు పైమాటే. తమ పౌరుల కార్లకు వాళ్లే ప్లేట్లు ఇస్తారు. ఆ ఆదాయంలో నూటికి 38 వంతు ప్రభుత్వ బడులకు పంచుతారు. బడులంటే తెగ సొంతంగా నడిపే బడులు కావు. ఎక్కువమంది చెరోకీ పిల్లలు అందరితో కలిసి మామూలు ప్రభుత్వ బడుల్లోనే చదువుతారు. ఏటా వందకు పైగా స్కూలు డిస్ట్రిక్టులకు ఈ సొమ్ము చేరుతుంది. ఒక్కో చోట ఎంతమంది చెరోకీ పిల్లలున్నారో లెక్క కట్టి ఇస్తారు. ఇచ్చాక మాత్రం ఎలా ఖర్చు చేయాలో బడికే వదిలేస్తారు. టీచరు జీతమైనా కావచ్చు, కంప్యూటర్లైనా కావచ్చు, చినుకు పడితే కారే పైకప్పైనా కావచ్చు. దానివల్ల ఆ తరగతిలోని తెల్లపిల్లాడు కూడా బాగుపడతాడు. అందులో ఎవరూ తప్పు పట్టరు.

ఇంతటి ఔదార్యం చూపుతున్నది ఎవరు? 1838-39లో ఇళ్లూ పొలాలూ వదిలించి, సైనికుల కాపలాలో పడమటికి తరిమేసిన జనం. దాదాపు పదహారు వేల మందిని తరలిస్తే, నాలుగు వేల మంది దాకా చనిపోయారని అంచనా. అలా వచ్చిపడినవాళ్లు 1841లోనే తమ ఖర్చుతో ప్రభుత్వ బడుల చట్టం చేసుకున్నారు. 1851లో మగపిల్లలకు ఒకటి, ఆడపిల్లలకు ఒకటి ఉన్నత పాఠశాలలు తెరిచారు. 1851లో ఆడపిల్లలకు! మన దగ్గర అప్పుడు ఎలా ఉండేదో చెప్పనక్కర్లేదు.

అయితే ఆ గొప్ప పాఠశాలలో చెరోకీ భాష చెప్పలేదు. చదువంటే ఇంగ్లీషేనని వాళ్ల పెద్దలే అనుకున్నారు. అప్పటికే వారికి సొంత లిపి ఉంది. సెక్వోయా అనే కంసాలి, ఇంగ్లీషు ఒక్క ముక్క చదవడం రానివాడు, 1821 నాటికి ఆ లిపి తయారుచేశాడు. మన అక్షరాల మాదిరే ఒక్కో గుర్తు ఒక్కో పలుకు. 1828లో ఆ లిపిలో పత్రిక కూడా వచ్చింది. అంతటి లిపి ఉన్నా బడిలో దానికి చోటివ్వలేదు. తర్వాత 1907లో ఓక్లహోమా రాష్ట్రం ఏర్పడటంతో వాళ్ల బడులు చేజారాయి.

వాళ్ల అనాథాశ్రమం కథ మన సొసైటీ వాళ్లు ముఖ్యంగా వినాలి. అమెరికా అంతర్యుద్ధంలో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లల కోసం చెరోకీ శాసనసభ 1871లో ఒక చట్టం చేసి అనాథాశ్రమం పెట్టింది. మన యతీంఖానా లాంటిదే. తర్వాత అది కేంద్ర ప్రభుత్వం చేతికి వెళ్లింది. 1925లో దానికి సెక్వోయా పేరు పెట్టారు. పేరు చెరోకీది, అజమాయిషీ వేరేవాళ్లది. 1985లో తెగ మళ్లీ దాన్ని తన చేతిలోకి తీసుకుంది. ఇప్పుడది సెక్వోయా హైస్కూలు. పిల్లలకు అన్నం ఎప్పుడూ పెట్టారు, కాదనను. ఏం నేర్పాలో ఎవరు తేల్చారన్నదే ప్రశ్న.

1934లో జాన్సన్-ఓమాలీ చట్టం వచ్చింది. ప్రభుత్వ బడుల్లో చదివే ఆదివాసీ పిల్లల కోసం కేంద్రం డబ్బిచ్చేది. చాలాకాలం ఆ డబ్బు బడుల మామూలు ఖర్చుల్లో కలిసిపోయేది. 1975లో చట్టాన్ని మార్చి, ఆ పిల్లల తల్లిదండ్రుల్లోంచి ఎన్నికైన కమిటీ ఉండాలన్నారు. కమిటీ ఒప్పుకోకపోతే ఆ పథకం నడవదు. ట్యూషనా, పుస్తకాలా, సంప్రదాయ కళలా అన్నది వాళ్లే తేలుస్తారు. మనకూ విద్యాహక్కు చట్టం కింద పాఠశాల యాజమాన్య కమిటీలు ఉన్నాయి కదా అంటారా? ఉన్నాయి. మినిట్స్ పుస్తకం ఇంటికి పంపించి సంతకం పెట్టించుకున్న రోజులు నాకు గుర్తున్నాయి. ఆ తల్లులు ఏం రాశామో అడగలేదు, మేమూ చెప్పలేదు.

నార్త్ కరొలినా కొండల్లో ఇంకో చెరోకీ తెగ ఉంది, తూర్పు శాఖ. అక్కడ జరిగిన ఒక పరిశోధన ప్రపంచమంతా చదివింది. 1993లో 1,420 మంది పిల్లల మానసిక ఆరోగ్యాన్ని గమనించడం మొదలుపెట్టారు. అందులో దాదాపు నాలుగోవంతు చెరోకీలు. మధ్యలో తెగ ఒక క్యాసినో తెరిచి, లాభంలో వాటాను ప్రతి సభ్యుడికీ పంచసాగింది. అది జూదం డబ్బు. మనకు నిషిద్ధం, ఆ దారిని నేను మెచ్చుకోవడం లేదు. కానీ డబ్బు అందిన ఇళ్లలో ఏం జరిగిందో వినండి. పేదరికం నుంచి బయటపడ్డ ఇళ్ల పిల్లల్లో పోట్లాటలు, మొండితనం, దుడుకు ప్రవర్తన తగ్గి, ఎప్పుడూ పేదరికం చూడని పిల్లలతో సమానమయ్యాయి. దిగులు, ఆందోళన మాత్రం అలా తగ్గలేదు. కారణం వెతికితే, తల్లిదండ్రులు పిల్లల్ని కనిపెట్టుకుని ఉండగలగడం ముఖ్యమని తేలింది. క్లాసులో గొడవచేసే పిల్లాడి గురించి స్టాఫ్‌రూములో మేం అనుకునే మాటలు గుర్తొచ్చి సిగ్గేసింది. వాళ్లమ్మ ఏ వేళకు ఇంటికి వస్తుందో మాలో ఎవరం అడిగాం?

ఓక్లహోమా చెరోకీలకు ఇప్పుడు పెద్ద బెంగ భాష. ఇంట్లో పుట్టినప్పటి నుంచీ చెరోకీ మాట్లాడేవాళ్లు రెండు వేల మంది కన్నా తక్కువే మిగిలారు. 2019లో మూడు చెరోకీ తెగలూ కలిసి భాషకు అత్యవసర పరిస్థితి ప్రకటించాయి. చిన్నపిల్లలకు అన్నీ చెరోకీలోనే చెప్పే బడి తాలెక్వాలో నడుస్తోంది. తల్లిదండ్రులకే రాని భాష పిల్లలు మాట్లాడుతున్నారు. పెద్దవాళ్లు రెండేళ్లు ముసలివాళ్ల దగ్గర కూర్చుని భాష నేర్చుకుంటే, నేర్చుకునేవాళ్లకే భత్యం ఇస్తారు. కాలేజీ స్కాలర్‌షిప్పులకూ ఒక షరతుంది. తీసుకున్న ప్రతి వంద డాలర్లకు ఒక గంట ఊరికి సేవ చేయాలి. ఇది నాకు చాలా నచ్చింది. పిల్లవాడు పుచ్చుకున్నవాడిగా మిగలడు.

చివరగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట ఒక బడిలో పనిచేస్తున్నప్పుడు ఎవరో దాత నోటు పుస్తకాలు తెచ్చారు. వేదిక, దండలు, ఫొటోగ్రాఫరు. పేర్లు చదివింది నేనే. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి, పేరు మూడుసార్లు పిలిచినా లేవలేదు. కోప్పడ్డాను. మర్నాడు వచ్చి మెల్లగా అంది: "మా అక్కకు సంబంధాలు చూస్తున్నారు మేడమ్. పేపర్లో నా ఫొటో పడితే వాళ్లు ఏమనుకుంటారు?" ఆ ఏడాదంతా ఆ పిల్ల వాడేసిన పుస్తకాల వెనక పేజీల్లోనే రాసుకుంది.

అందుకే కార్యవర్గానికి రెండు విన్నపాలు. స్కాలర్‌షిప్ కమిటీలో దాతలతో పాటు, సాయం అందుకుంటున్న ఇళ్ల నుంచి ముగ్గురు తల్లుల్ని కూర్చోబెట్టండి. మినిట్స్ వాళ్లకు చదివి వినిపించాకే సంతకం తీసుకోండి. రెండోది, వచ్చే జూన్‌లో పుస్తకాల పంపిణీకి షామియానా వద్దు. కట్టలు బడికి పంపించండి. ఏ పిల్ల బ్యాగులో ఏవి పెట్టాలో క్లాస్ టీచర్లం చూసుకుంటాం. మైకు మాత్రం నా చేతికి ఇవ్వకండి.